విసిగించేవారి పేర్లు: ఒక బీదభాష ఇచ్చిన కానుక

మహారాజులను పొగడటానికి ఏ భాషలోనూ మాటల కొరత ఉండదు. పొద్దున లేచినది మొదలు మనలను వదలక పట్టుకొని విసిగించే మనుష్యులను, వారు విసిగించే తీరునుబట్టి వేరువేరు పేర్లతో పిలవగలగటం మాత్రం అన్ని భాషలకూ అబ్బే విద్య కాదు. ఇరుకు ఇండ్లలో, పలుచని గోడల నడుమ, పదిమంది మాటలు చెవిన పడేచోట పెరిగిన భాషలకే ఆ శక్తి అలవడుతుంది. తూర్పు ఐరోపా యూదుల ఇంటిభాష అయిన యిద్దిష్ అటువంటిది. ఆంగ్లభాష, అందునా అమెరికాలో మాట్లాడే ఆంగ్లం, ఇటువంటి పేర్లను యిద్దిష్ నుండి ధారాళంగా అరువు తెచ్చుకొన్నది. నుద్నిక్, నూజ్, కిబిట్సర్, ష్నోరర్, యెంటా - ఇవన్నీ ఈనాడు ఆంగ్ల నిఘంటువులలో చోటు సంపాదించుకొన్న మాటలే. మన విద్యార్థులు అమెరికన్ నవలలలోనో, నాటకాలలోనో వీటిని ఎదుర్కొంటారు, నవ్వుకొంటారు, పేజీ తిప్పివేస్తారు. ఆ నవ్వు దగ్గరనే ఆగిపోరాదన్నది మా అభిప్రాయం.

యూదుల భాషతో మనకేమి పని అని కొందరు అడగవచ్చు. దేశాల నడుమ తగవులు వేరు. కుట్టుపని, చెప్పులపని, చిల్లర వ్యాపారం చేసుకొని బ్రతికిన పేదజనుల పలుకు వేరు. ఆ తగవులలో న్యాయం ఎటువైపు ఉన్నదని వాదించుకొనే హక్కు అందరికీ ఉన్నది. కాని ఒక భాష చరిత్రను చదవటానికి ఆ తగవు తీరేవరకు ఆగనక్కరలేదు. పైగా ఈ భాష కథలో మన కథను పోలినవి చాలా ఉన్నవి.

యిద్దిష్ సుమారు వెయ్యేండ్ల క్రిందట రైన్ నదీప్రాంతపు యూదులలో రూపుదిద్దుకొన్నది. దాని చట్రం జర్మన్ జాతి భాషలది. మతానికి, విద్యకు, నీతికి సంబంధించిన పదాలనేకం హీబ్రూ, అరామిక్ భాషల నుండి వచ్చినవి. ఆ ప్రజలు తూర్పునకు వలస సాగిన తరువాత పోలిష్, ఉక్రేనియన్, రష్యన్ వంటి స్లావిక్ భాషల మాటలు వచ్చి చేరినవి. లిపి మాత్రం హీబ్రూ. కుడి నుండి ఎడమకు నడుస్తుంది. ఈ వర్ణన మన కళాశాల ఉర్దూ విద్యార్థికి పరాయిగా తోచదు. ఈ ఉపఖండపు నేలలో పుట్టిన వ్యాకరణం, పారసీ అరబ్బీల నుండి వచ్చిన పదసంపద, కుడి నుండి ఎడమకు నడిచే లిపి - ఉర్దూ నిర్మాణమూ ఇట్టిదే కదా! యిద్దిష్ తనను తాను 'మామె లోష్న్' అని పిలుచుకొంటుంది. మామె అనగా అమ్మ. లోష్న్ అనగా నాలుక, భాష. ఆ లోష్న్ హీబ్రూ మాట. అరబ్బీలోని లిసాన్‌కు తోబుట్టువు. ఉర్దూలో భాషాశాస్త్రాన్ని లిసానియాత్ అనటంలో ఉన్నది ఆ ధాతువే.

ఇక మాటల సంగతి చూతము. నుద్నిక్ అంటే విసుగు పుట్టించటమే స్వభావమైనవాడు. ఇందులోని 'నుద్' విసుగును తెలిపే స్లావిక్ ధాతువు. చివరనున్న 'నిక్' ఫలానా స్వభావం గలవాడు అని తెలిపే ప్రత్యయం. 1957లో రష్యా స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ఎగురవేసిన తరువాత ఈ ప్రత్యయం ఆంగ్లంలో మరింత వ్యాప్తికి వచ్చి, మరుసటి సంవత్సరమే 'బీట్నిక్' అనే మాట పుట్టినది. నుద్నిక్‌లో దుర్మార్గం లేదు. అతడు ప్రేమతోనే వస్తాడు, కుశలమే అడుగుతాడు, కాని ఎప్పుడు లేవవలెనో తెలియక కూర్చుంటాడు. తెలుగులో 'జిడ్డు' అని మనం అనేది ఇటువంటివానినే.

నూజ్ అన్నది ఇదే కుటుంబపు మాట. అడిగినదే అడిగి, చెప్పినదే చెప్పి, మన చేత ఆ పని చేయించేదాకా వదలని మనిషి నూజ్. ఆ పని చేయటమూ నూజే. చెల్లెలి పెండ్లి సంగతి ఏమైనదని ప్రతి శుక్రవారం అడిగే చిన్నాన్న, సైకిలు కొనిపెట్టమని నస పెట్టే తమ్ముడు ఈ కోవకు చెందుతారు. ఆంగ్లంలో మోచేతితో పొడవటం అనే అర్థంలో 'నడ్జ్' అనే పాతమాట ఒకటి ముందే ఉన్నది. దానికీ దీనికీ పుట్టుకలో సంబంధం లేదు. వ్రాతలో మాత్రం రెండూ కలిసిపోయి, ఒకే అక్షరక్రమంతో వ్రాసేవారు కూడా ఉన్నారు. ఒకటి మోచేతి పోటు, రెండవది మాటల పోటు. అర్థాలు చుట్టాలై చివరకు అక్షరాలను కూడా కలిపినవి.

కిబిట్సర్ కథ మరింత ముచ్చటైనది. చదరంగమో పేకాటో సాగుతూ ఉంటే వెనుక నిలబడి, తాను రూపాయి పందెం కట్టకుండా, ఆడేవారికి సలహాలు ఇచ్చేవాడు కిబిట్సర్. ఈ మాట యిద్దిష్‌లోనికి జర్మన్ నుండి వచ్చినది. జర్మన్‌లో 'కీబిట్స్' ఒక పక్షి పేరు. అది మన తీతువుపిట్టకు దగ్గరి జ్ఞాతి. శాస్త్రజ్ఞులు రెంటినీ ఒకే ప్రజాతిలో చేర్చినారు. ఎవరైనా దరికి వస్తే గోల చేసి ఊరంతా చాటటం రెంటికీ స్వభావమే. ఆ అరుపు విని జర్మన్‌లు అడగని సలహా చెప్పేవానికి ఆ పేరు పెట్టినారు. మన పల్లె ప్రజలు అదే కూతను అపశకునంగా భావించినారు. ఒక పక్షి కుటుంబం అక్కడ పరిహాసానికి, ఇక్కడ భయానికి గురియైనది!

మాటలతో మనిషిని చావబాదేవానిని గురించి యిద్దిష్‌లో ఒక నుడికారం ఉన్నది: 'హాకన్ ఎ చాయ్నిక్', అనగా టీ కెటిలును కొట్టటం. నీరు ఇగిరిపోతున్న కెటిలు మూత టకటకలాడినట్లు అర్థం లేని చప్పుడు చేయటమని సాధారణంగా వివరిస్తారు. న్యూయార్క్ ఆంగ్లంలో ఇది 'హాక్' అని కురచబడి స్థిరపడినది. చాయ్నిక్‌లోని చాయ్ మన చాయే. చీనా దేశంలో బయలుదేరి రష్యా దారిన అటు, పారసీ దారిన ఇటు చేరినది. ఇక కొట్టటం సంగతి: 1982లో జంధ్యాల 'నాలుగు స్తంభాలాట' చిత్రంతో తెలుగునాట 'సుత్తి' అనే మాట ఇంటింటా మారుమ్రోగినది, ఆ పాత్రలు వేసిన నటులిద్దరి పేర్ల ముందు అది బిరుదై నిలిచినది. విసిగించే మాటను దెబ్బతో పోల్చటం యిద్దిష్ వారికి, తెలుగు వారికి ఎవరూ ఎవరికీ నేర్పకుండానే తోచినది. అంతకు పూర్వం నుండీ ఉన్న 'సోది' మాట సంగతి చెప్పనక్కరలేదు. ఎరుకలసాని చెప్పే జోస్యం పేరు అంతులేని ముచ్చటకు పేరైనది.

ష్నోరర్ అంటే యాచకుడు. కాని మామూలు యాచకుడు కాడు. చేయి చాచటంలో అతనికి సిగ్గు లేదు. ఇచ్చినది తక్కువైతే నిలదీస్తాడు. ఇజ్రాయెల్ జాంగ్విల్ 1894లో ప్రచురించిన 'ది కింగ్ ఆఫ్ ష్నోరర్స్' అనే హాస్యనవల ఇట్టివానిని ఆంగ్ల పాఠకలోకానికి పరిచయం చేసినది. ఇక్కడ ఒక లోతైన విషయమున్నది. యూదుల ధర్మంలో దానానికి 'జెదకా' అని పేరు. న్యాయం అనే అర్థమిచ్చే ధాతువు నుండి పుట్టినది. అరబ్బీలోని 'సదకా' దానికి సోదరపదం. ఇచ్చేవాని దయగా గాక తీసికొనేవాని హక్కుగా దానాన్ని చూచే సమాజంలోనే ష్నోరర్ వంటి ధీమా గల యాచకుడు పుట్టగలడు. అతనిని చూచి నవ్వేవారు ఆ నవ్వు వెనుకనున్న ధర్మాన్ని కూడా గుర్తింపవలె. జకాత్ పేదల హక్కని విని పెరిగిన మన విద్యార్థులకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

యెంటా సంగతి వేరు. ఇరుగుపొరుగు సంసారాలలో తలదూర్చి, ఇక్కడి మాట అక్కడ చేరవేసే స్త్రీకి ఈ పేరు. మొదట ఇది గౌరవనీయమైన స్త్రీనామం. కులీన, మృదుస్వభావ అనే అర్థమిచ్చే లాటిన్ సంతతి పదం నుండి వచ్చినదని నిఘంటుకారులు చెబుతారు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో న్యూయార్క్ యిద్దిష్ పత్రిక 'ఫోర్వర్ట్స్'లో బి. కోవ్నర్ అనే కలం పేరుతో యాకోబ్ ఆడ్లర్ సృష్టించిన యెంటె తెలెబెండె అనే గయ్యాళి పాత్ర ఆ పేరును పరిహాసం పాలు చేసినది. 1964లో రంగస్థలమెక్కిన 'ఫిడ్లర్ ఆన్ ది రూఫ్' సంగీత నాటకంలో సంబంధాలు కుదిర్చే స్త్రీకి యెంటె అని పేరు పెట్టటంతో, ఆ మాటకు పెండ్లి పేరమ్మ అనే అర్థమున్నదని కూడా చాలామంది భ్రమపడినారు. సంబంధాలు కుదిర్చేవానికి యిద్దిష్‌లో 'షద్ఖన్' అని వేరే మాట ఉన్నది. ఒక హాస్యరచన ఎంతటి నిరపాయకరమైనదైనా ఎందరో తల్లుల పేరును తిట్టుగా మార్చివేయగలదని ఈ మాట హెచ్చరిస్తున్నది.

ఈ మాటలు ఆంగ్లంలోనికి ఎట్లు వచ్చినవి? 1881 తరువాత రష్యా సామ్రాజ్యంలో యూదులపై దాడులు చెలరేగినవి. దారిద్ర్యమూ తోడైనది. నాటి నుండి వలసలను అరికట్టే 1924 నాటి అమెరికా చట్టం వరకు సుమారు 20 లక్షల తూర్పు ఐరోపా యూదులు అమెరికా చేరినారు. న్యూయార్క్ తూర్పు దిగువ భాగంలో, గాలి వెలుతురు లేని అంతస్తుల ఇండ్లలో, బట్టలు కుట్టే కార్ఖానాలలో వారు బ్రతికినారు. 1897లో స్థాపితమైన ఫోర్వర్ట్స్ వంటి పత్రికలు, నాటకశాలలు, కార్మిక సంఘాలు వారి భాషలోనే నడచినవి. వారి బిడ్డలు ఆంగ్లం నేర్చి హాస్యరంగస్థలంలో, రేడియోలో, చలనచిత్రాలలో ప్రవేశించినారు. కనుక నవ్వు పుట్టించే మాటలే ముందుగా ఆంగ్లంలో అడుగుపెట్టినవి. 'మెన్ష్', అనగా నిజమైన మనిషి, సత్పురుషుడు, అన్న మాట కూడా ఆంగ్లానికి చేరినది. ఉర్దూవారు 'ఇన్సాన్ హై' అన్నప్పుడు పలికే గౌరవం అందులో ఉన్నది. కాని విసిగించేవారి పేర్లు పొందిన ప్రచారంతో పోల్చితే అటువంటివి కొన్నియే.

మన విచారమంతా ఇక్కడనే ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధానికి ముందు కోటికి పైగా జనులు యిద్దిష్ మాట్లాడేవారు. నాజీలు చంపిన 60 లక్షల యూదులలో అత్యధికులు ఈ భాషవారే. సోవియట్ దేశంలో 1952 ఆగస్టు 12న పేరుమోసిన యిద్దిష్ రచయితలను కాల్చి చంపినారు. ఇజ్రాయెల్ తొలి పాలకులు హీబ్రూకు పట్టం కట్టి యిద్దిష్‌ను చిన్నచూపు చూచినారు. అమెరికాలో మనుమలు తాతల భాషను మరచినారు. అంతకు పూర్వమే చదువుకొన్న యూదులు కొందరు దానిని 'జార్గన్' అని, అనగా వంకర పలుకని, ఈసడించినారు. కాల్చినవారు పరాయివారే, ఈసడించినవారిలో సొంతవారూ ఉన్నారు. ఇంత జరిగిన తరువాత ఆ భాష నుండి లోకానికి గుర్తున్నవి నుద్నిక్, యెంటా వంటి పరిహాసాలైతే, కాలిపోయిన ఇంటిలో నుండి పొరుగువారు పొయ్యి ఊదే గొట్టాన్ని మాత్రం ఏరి తెచ్చుకొన్నట్లు లేదా!

అయితే ఆ భాష చచ్చిపోయినదనటం సత్యం కాదు. హసీదీ సంప్రదాయానికి చెందిన యూదుల ఇండ్లలో, బ్రూక్లిన్ వంటి చోట్ల, పసిపిల్లలు ఈనాటికీ ఆ భాషలోనే మాటలు నేరుస్తున్నారు. 1978లో నోబెల్ సాహిత్య బహుమతి పొందిన ఐజాక్ బషేవిస్ సింగర్ జీవితాంతం యిద్దిష్‌లోనే వ్రాసినారు. 1980లో ఆరన్ లాన్స్కీ అనే, ఇరవైలలో ఉన్న యువకుడు, వృద్ధుల మరణానంతరం వారసులు చెత్తబుట్టలపాలు చేస్తున్న యిద్దిష్ గ్రంథాలను సేకరించ పూనుకొన్నాడు. ఆయన స్థాపించిన యిద్దిష్ బుక్ సెంటర్ కాలక్రమాన పది లక్షలకు పైగా పుస్తకాలను కాపాడినది. ప్రభుత్వమో సైన్యమో చేయని పని ఒక విద్యార్థి పట్టుదల చేయగలిగినది.

ఇప్పుడు మన ఇంటివైపు చూచుకొందము. విసుగు, వేధింపు అనే అర్థాలలో తెలుగువారు రోజూ వాడే మాటలు ఎటువంటివి? సతాయించు, బేజారు, హైరానా, పరేషాను. 'బేజారు', 'పరేషాను' పారసీ మాటలు. 'హైరానా' అరబ్బీ నుండి వచ్చినది. 'సతాయించు' ఉర్దూలోని సతానా. ఈ చివరి మాటను ఇంకొంచెం వెనుకకు తీసికొని పోతే అది ప్రాకృతం గుండా సంస్కృతంలోని 'సంతాప' ధాతువును చేరుతుంది. తురకమాట అని ఒకరు, మ్లేచ్ఛమని ఒకరు తోసివేయబోయే పదం సంస్కృతం కడుపున పుట్టి, ఉర్దూ ఇంట పెరిగి, తెలుగింట మెట్టినది! భాషలలో శుద్ధిని వెదకేవారికి ఇంతకు మించిన సమాధానం ఏమున్నది?

యిద్దిష్‌కు అమెరికాలో జరిగినదే మన దక్కనీకి ఇక్కడ జరుగుతున్నదన్నది మా ఆవేదన. హైదరాబాదు ముస్లిం పాత్ర తెరపైకి రాగానే 'నక్కో', 'హౌ' అనగానే ప్రేక్షకులు గొల్లుమంటారు. ఆ పలుకు హాస్యానికి పనికివచ్చే సరుకని కొందరు తీర్మానించుకొన్నారు. ఆ దక్కనీలోనే గోల్కొండ పాలకుడు మహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం వ్రాసినాడు. 1635లో ముల్లా వజ్హీ 'సబ్‌రస్' అనే గద్యకావ్యం రచించినాడు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమంగా వైద్యం, ఇంజనీరింగు కూడా బోధించినారు. తెలంగాణలో 2017లో రాష్ట్రమంతటా, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో, ఉర్దూ రెండవ అధికారభాష అయినది. చట్టం ఇచ్చిన ఆసనం అట్లుండగా, ఇంటిలో అమ్మమ్మ మాట్లాడే మాటను తరగతిలో పలకటానికి సిగ్గుపడే విద్యార్థులను మేము ప్రతి సంవత్సరం చూస్తున్నాము. తెలుగు విభాగంలోనూ అంతే. పాలమూరు మాటకో, కర్నూలు మాటకో తోటివారు నవ్వుతారేమోనని నోరు కట్టుకొనే పిల్లలు ఉన్నారు.

ఇంటిమాటలు పట్టుకొని కూర్చుంటే పరీక్షలు నెగ్గేది ఎట్లు అనే ప్రశ్న సహజమే. పరీక్షకు పరీక్షభాష నేర్వవలసినదే. అందుకు మేము అడ్డుచెప్పము. కాని 'నుద్నిక్'కు, 'కిబిట్సర్'కు తేడా తెలిసిన విద్యార్థికే 'జిడ్డు'కు, 'నస'కు, 'సుత్తి'కి గల తేడా పట్టుబడుతుంది. జిడ్డు మనిషి వదలడు. నస పెట్టేవాడు అడగటం మానడు. సుత్తి వేసేవాడు మాట ఆపడు. ఈ సూక్ష్మభేదాలను గుర్తించే బుద్ధి ఏ భాషలోనైనా వ్యాసం వ్రాయటానికి అక్కరకు వస్తుంది. తనకు కోపం తెప్పించినవానిని కొట్టటానికి మారు, ఖచ్చితమైన పేరు పెట్టి నవ్వి ఊరుకోగల సమాజం సంస్కారవంతమైనది. ఆ సంస్కారాన్ని బీదల వీధులు కూడా కూడబెట్టగలవని యిద్దిష్ నిరూపించినది.

నవ్వుకు మేము విరోధులము కాము. ఒక భాషను నవ్వుకోసమే పిలిచి, కన్నీటి వేళ, జ్ఞానం పంచుకొనే వేళ వాకిటనే నిలబెట్టటం అన్యాయం.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ఈ వార్షిక సంచికలో ఉర్దూ పేజీలు ఒకవైపు నుండి, తెలుగు పేజీలు మరొకవైపు నుండి నడచి మధ్యలో కలుసుకొంటున్నవి. కలుసుకొన్నచోట ఆ రెండూ పలుకరించుకోవటం లేదు. వచ్చే సంచికలో ఆ నడిమి పేజీలను ఒక పదసేకరణకు కేటాయించవలె. ప్రతి విద్యార్థి తన ఇంటిలో వాడే మాటలు పదింటిని, ఏ ఊరి మాట, ఎవరి నోట విన్నది, ఏ సందర్భాన అన్నారు అనే వివరాలతో వ్రాసి ఇవ్వవలె. ఉర్దూ విభాగం వారు తెలుగు మాటలను, తెలుగు విభాగం వారు ఉర్దూ మాటలను పరిశీలించి, పుట్టుక తెలిసినచోట చేర్చవలె. ఖర్చు కాగితం మాత్రమే. గ్రంథాలయానికి మంచి ఉర్దూ నిఘంటువులు, తెలుగు మాండలిక పదకోశాలు తెప్పిస్తే ఈ పని సులువవుతుంది.

విద్యార్థినీ విద్యార్థులారా, మీ ఇండ్లలోని పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వారితో పాటు మాటలూ వెళ్ళిపోతున్నవి. వారి దగ్గర కూర్చుండి అడగండి. ఒకటికి రెండుసార్లు అడగండి. ఈ సతాయింపు ఏమని వారు విసుగుకొన్నా మానవద్దు. వారు విసుగుకొన్న ఆ మాటను కూడా, ఏ అక్షరమూ పోకుండా వ్రాసుకొని తీసికొని రండి.